బియోకొవొ మైదానమూ, దాని వెనక సందూ

కీర్తిశేషులు యురే గుదేల్ భార్యను, మాండా గుదేల్ అను నేను, వయసు డెబ్భై ఏడు, మెల్‌బోర్న్ పడమటి శివారు స్టోనీ క్రీక్ పేటలో కాపురం ఉంటున్నదాన్ని, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నా ఇష్టప్రకారం రాయించుకుంటున్న వీలునామా ఏమనగా: నా బుద్ధి నా దగ్గరే ఉంది. ఆ సంగతి డాక్టరు చేత కాగితం మీద పెట్టించి దీనికి జత చేశాను. నేను పోయిన మర్నాడే "ముసలిదానికి మతి తప్పింది" అనడానికి మా ఫుట్‌బాల్ క్లబ్బులో ఒక బల్ల చుట్టూ సరిపడా మగవాళ్ళు సిద్ధంగా ఉన్నారని నాకు తెలుసు. మోకాళ్ళు పనిచెయ్యవు. చెవులు సగం పనిచేస్తాయి. జ్ఞాపకం మాత్రం, నా ఖర్మకొద్దీ, పూర్తిగా పనిచేస్తోంది.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు. ఇదే ఆఖరుది.

వకీలు ముందే అన్నాడు, "ఎవరికి ఏమిటో రాస్తే చాలమ్మా, మిగతా గొడవంతా ఎందుకు?" అని. ఆ గొడవే లేకపోతే ఈ కాగితమే అక్కర్లేదు నాయనా, అన్నాను. అప్పట్నుంచి నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాడు.

1. నిర్వాహకురాలు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఏకైక సంతానం మిలెనాకు అప్పగిస్తున్నాను. దానిది వాళ్ళ నాన్న గుండె. ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వెన్నలా కరిగిపోతుంది. మిలెనా, ఈ ఒక్క పని పూర్తయ్యేదాకా నీ తల్లి కూతురివిగా ఉండు. తరవాత నీ ఇష్టం.

2. ఇల్లు. నేను ఉంటున్న ఇల్లు, ఇంట్లోని సమస్త సామాను, పెరట్లోని రెండు అంజూర చెట్లు, గరాజులో పొగబెట్టిన మాంసం వేలాడదీసే కొక్కేలతో సహా, నా తదనంతరం మిలెనాకు సర్వ హక్కులతో దఖలు పడవలెను. అంజూర చెట్లు కొట్టించకూడదు. మిగతాది అమ్ముకున్నా తగలబెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

చిన్నప్పుడు మిలెనా తన ఈడు మగపిల్లలందర్నీ దాటుకుంటూ బంతి తీసుకుపోయేది. ఒక ఆదివారం నెదీల్కో రెబిచ్ దాన్ని మైదానం మధ్యలోంచి రెక్క పుచ్చుకుని లాక్కొచ్చి, క్లబ్బు వంటగది గుమ్మంలో నిలబెట్టి, "కుమా, పిల్లకి ఉల్లిపాయలు తరగడం నేర్పించు, రేపు పెళ్ళికి పనికొస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. మిలెనా ఇప్పటికీ ఉల్లిపాయలు తరగదు, వాళ్ళింట్లో ఆ పని అల్లుడు చేస్తాడు.

ఈ నెదీల్కో రెబిచ్ మా క్లబ్బుకి ముప్పై ఏళ్ళ పైన అధ్యక్షుడిగా చేశాడు. అంతకంటే ముందు మాకు కుమ్. మావాళ్ళు కానివాళ్ళు కూడా ఈ కాగితం చదవవలసి వస్తుంది కనుక చెబుతున్నాను. పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడి, పుట్టిన బిడ్డను జ్ఞానస్నానపు తొట్టి మీద ఎత్తి పట్టుకున్నవాణ్ణి కుమ్ అంటాం. ఆడదైతే కుమా. మా పెళ్ళికి నెదీల్కో నిలబడ్డాడు, మిలెనాను అతనే ఎత్తుకున్నాడు. అతని కొడుకు డామిర్‌ను మా ఆయన ఎత్తుకున్నాడు. తోడబుట్టినవాడి మీద కోర్టుకెక్కవచ్చు గానీ కుమ్ మీద ఎక్కకూడదు. కుమ్ వచ్చి దేవుడి మీద, పునీత యోహాను మీద ఆన పెట్టి ఏదైనా అడిగితే కాదనకూడదు. కాదన్న ఇంట పొయ్యి ఆరిపోతుందని మా అమ్మ చెప్పేది, ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది.

3. మైదానం. స్టోనీ క్రీక్ పేటలో ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతున్న నేల, అందులోని క్లబ్బు హాలు, వంటగది, దీపస్తంభాలు, ఇవన్నీ నా పేర ఉన్నవి. నా భర్త నుంచి నాకు సంక్రమించినవి. హద్దులు: తూర్పు, క్వారీకి పోయే రోడ్డు. దక్షిణం, టైర్ల గోడౌను. పడమర, వాగు. ఉత్తరం, ఇనుప కంచె, కంచె అవతల సందు. ఆ సందు మున్సిపాలిటీది, నాది కాదు. అయినా ఈ వీలునామాలో దానిదే పెద్ద పీట.

ఈ నేల మాకెలా వచ్చిందో కుర్రాళ్ళకి తెలియదు, తెలిసిన ముసలాళ్ళు చెప్పరు. యుగోస్లావియాలో బియోకొవొ కొండ వెనకాల రాళ్ళ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది, వలసవాళ్ళ హాస్టల్లో ఒకే రేకుల షెడ్డులో పడుకునేవాళ్ళు, ఆ కొండ పేరు పెట్టుకుని క్లబ్బు మొదలెట్టారు. నేను పెళ్ళికూతురిగా ఓడ దిగిన వారానికే నా చేత చొక్కాలు కుట్టించారు. మావాళ్ళ గుర్తయిన ఎరుపూ తెలుపూ గళ్ళ బట్ట దొరక్క ఒక ఇటలీ వాడి హోటల్లో పాత టేబుల్ గుడ్డలు తెచ్చారు. మొదటి ఉతుకులోనే రంగు దిగింది. ఆ ఏడాదంతా మా వీరులు గులాబీ రంగు చొక్కాల్లో ఆడారు. అవతలి జట్లవాళ్ళు ఈలలు వేస్తే, "ఈల వేసినవాడి పళ్ళు లెక్కపెట్టుకోమనండి" అని మా ఆయన గోల్ దగ్గర నుంచి అరిచేవాడు. ఆయన గోల్‌కీపరు.

తరవాత నేల కొన్నారు. రాళ్ళ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వెతికి వెతికి మళ్ళీ రాళ్ళ నేలనే కొన్నారు. అందరూ కలిసి చందాలు వేసుకున్నారు గానీ, ఈ దేశపు పౌరసత్వం అప్పటికి వచ్చింది యురేకి ఒక్కడికే. అందుకని దస్తావేజు ఆయన పేర రాయించారు. "తరవాత క్లబ్బు పేరుకి మార్చుకుందాం, ఇప్పుడు తొందరేముంది, కుమ్ దగ్గర ఉంటే బ్యాంకులో ఉన్నట్టే" అన్నాడు నెదీల్కో. కుమ్‌ల మధ్య కాగితం అడగడం మావాళ్ళకి తిట్టుతో సమానం. అందుకే ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి ఆదివారాలు ప్రార్థన కాగానే కోట్లు విప్పి రాళ్ళు ఏరారు. ఆ రాళ్ళతోనే హాలు పునాది వేశారు. పెద్ద రాళ్ళన్నీ యురే మోశాడు, ఆయన నడుము అక్కడే పోయింది.

4. సందు. ఇక్కడ రాసింది ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు. మిలెనాకి కూడా చెప్పలేదు.

నగరం అవతలి పక్క సెర్బుల జట్టుతో మాకు ఆట. ఆ రోజుల్లో అది ఆట కాదు, అక్కడ వాళ్ళకీ మాకూ జరిగిన పాత యుద్ధపు పగను ఇక్కడ కిక్కులతో తీర్చుకునేవాళ్ళు. ఆఖర్లో మేం వేసిన గోలును లైన్‌మన్ జెండా ఎత్తి కొట్టేయించాడు. జనం కంచె దూకి మైదానంలోకి దిగారు. ఆ తోపులాటలో ఎవడో మూల జెండా కర్ర పెరికి లైన్‌మన్ తల మీద కొట్టాడు. ఆ లైన్‌మన్ పేరు వాల్టర్ పిమ్. వాల్టర్‌కి ఎడమ చెవి జన్మలో మళ్ళీ వినపడలేదు. కొట్టినవాడు నెదీల్కో రెబిచ్.

పోలీసులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. నెదీల్కో పౌరసత్వపు దరఖాస్తు అప్పుడే పైకి వెళ్ళింది. కేసు పడితే దరఖాస్తు పోతుంది, మనిషిని యుగోస్లావియాకి తిప్పి పంపుతారు, అక్కడ సరిహద్దు దొంగతనంగా దాటినందుకు జైలు తయారుగా ఉంది. అతను మా వంటింట్లోకి వచ్చాడు. నేను అప్పుడే తుడిచిన తడి నేల మీద మోకాళ్ళ మీద పడి, యురే రెండు చేతులూ పట్టుకుని, "కుమ్, దేవుడి మీద ఆన, యోహాను మీద ఆన, ఇది నీ మీద వేసుకో. నీకు కాగితాలున్నాయి, నిన్నేం చెయ్యరు. నా కాగితాలు రాగానే నేనే అందరి ముందూ చెప్పేస్తా, నా కొడుకు మీద ఒట్టు" అని ఏడ్చాడు. యురే నా వంక చూశాడు. వద్దని నేను తల అడ్డంగా ఊపాను. ఆయన వంగి కుమ్‌ను లేవదీశాడు.

కోర్టులో యురే తప్పు ఒప్పుకున్నాడు. ఫుట్‌బాల్ పెద్దలు ఆయన్ని ఏ మైదానంలోనూ అడుగు పెట్టనివ్వకూడదన్నారు. క్లబ్బునే తీసెయ్యాలని వాళ్ళలో కొందరు పట్టుబట్టారు. క్లబ్బును కాపాడుకోవడానికి మావాళ్ళు సొంతంగా ఇంకో తీర్మానం చేశారు: యురే గుదేల్ బతికున్నంతకాలం బియోకొవొ గేటు దాటి లోపలికి రాకూడదు. దాన్ని హాల్లో నిలబడి చదివింది నెదీల్కో. నేను వంటగదిలో నూనె ముందు నిలబడి, వడ్డన కిటికీలోంచి అంతా విన్నాను. ఆ పూట పిండి ఉండలన్నీ మాడిపోయాయి. "మాండాకి ఇవాళ ధ్యాస లేదు" అని ఒకడు జోకు వేశాడు.

నెదీల్కోకి కాగితాలు వచ్చాయి. నోరు మాత్రం రాలేదు. మొదట "పెళ్ళాం నీళ్ళోసుకుంది, కాస్త ఆగు కుమ్" అన్నాడు. తరవాత "ఎన్నికలు కానీ కుమ్" అన్నాడు. ఆ ఎన్నికల్లో అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడయ్యాక "ఇప్పుడు చెబితే క్లబ్బు పరువేం కాను?" అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే మనుషులుంటారని విన్నాను, ఇతను తెప్పకి దణ్ణం పెట్టి మరీ తగలేశాడు. కొన్నేళ్ళకి ఫుట్‌బాల్ పెద్దలు కొత్తవాళ్ళొచ్చి పాత శిక్షలన్నీ ఎత్తేశారు. క్లబ్బు వేసిన శిక్ష మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఎత్తెయ్యాలంటే సర్వసభ్య సమావేశంలో మాట్లాడాలి, మాట్లాడితే ఎవరో ఒకరు ప్రశ్న అడుగుతారు. దొంగకి తేలు కుట్టినట్టు నెదీల్కో ఆ ఊసే ఎత్తలేదు.

యురే నోరు తెరవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. అడిగీ అడిగీ నా నోరే పాడైంది. "కుమ్‌కి మాటిచ్చాను మాండా. చెప్పాల్సినవాడు వాడు" అనేవాడు. దస్తావేజు ప్రకారం ఆ నేల తనదే. తన నేలలోకి తాను వెళ్ళకుండా ప్రతి ఆటకీ తన పాత లారీని ఉత్తరం సందులో కంచెకి ఆనించి పెట్టి, లారీ మీద నిలబడి చూసేవాడు. వానొస్తే గోనెపట్టా కప్పుకునేవాడు. మా జట్టు రాష్ట్ర ఛాంపియన్ అయిన రోజున కప్పుని మైదానమంతా ఊరేగించారు. ఉత్తరం పక్కకి వచ్చేసరికి నెదీల్కో ముందు నడుస్తూ అడ్డంగా మళ్ళించాడు. యురే లారీ మీద నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఆయన చప్పట్లు ఆపలేదన్న కోపంతో ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు.

మరి నేను ఆ వంటగదిలో ఎందుకున్నాను? నేను మానేస్తే జనం కారణం అడుగుతారని యురే వద్దన్నాడు. గొర్రెపిల్లను ఊచకి గుచ్చి కాల్చాను, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి సర్మా వండాను, అధ్యక్షుడికి పెద్ద ముక్కలు వేశాను. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అన్నట్టు, ఆట విరామంలో మా ఆయనకి మాత్రం కాగితప్పళ్ళెం కంచె సందులోంచి తోసేదాన్ని. ప్లేటు వంకర పోయి పులుసు నా మణికట్టు మీద కారేది.

ఇంకొక సంగతి. యురే ఒకసారి వాల్టర్ పిమ్ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్ళాడు, తను కొట్టని దెబ్బకి. వాల్టర్ ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, "నన్ను కొట్టినవాడి మొహం నేను చూశానయ్యా. అది నువ్వు కాదు. నువ్వెందుకు మీదేసుకున్నావో నేను అడగను" అన్నాడట. ఆ తరవాత శనివారాలు వాల్టర్ కూడా వచ్చి లారీ మీద యురే పక్కన నిలబడేవాడు, వినపడే చెవి యురే వైపు ఉండేలా. ఆఫ్‌సైడ్ గురించి ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. సొంతవాళ్ళు వెలేసిన మనిషికి, మా చేతి దెబ్బ తిన్న పరాయివాడు తోడున్నాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

5. కార్మెన్ జాహ్రాకు. సందులో ఆరో నంబరు ఇంట్లో ఉంటున్న, మాల్టా నుంచి వచ్చిన ఈ విధవరాలికి నా రాగి కాఫీ గిన్నె, నా మంచి ఉన్ని కోటు చెందవలెను. చలికాలం ఆటల రోజున పెరటి గోడ మీదుగా ఇద్దరు మగవాళ్ళకి వేడి కాఫీ అందించేది. ఎందుకు బయట నిలబడ్డారని ఎప్పుడూ అడగలేదు. "మీ ఆయన మంచివాడమ్మా, కప్పు కడిగి ఇస్తాడు" అని మాత్రం నాతో ఒకసారి అంది. కార్మెన్, కోటు భుజాల దగ్గర నీకు వదులవుతుంది, కుట్టించుకో.

6. గొర్రెపిల్ల. ఇది చట్టానికి సంబంధించిన అంశం, డామిర్ శ్రద్ధగా చదవాలి.

డామిర్ రెబిచ్ ఇప్పుడు అధ్యక్షుడు, స్థలాలు అమ్మిపెట్టే వ్యాపారం. మైదానం తీసేసి ఫ్లాట్లు కట్టేవాళ్ళతో బేరం కుదుర్చుకున్నాక, నేల ఎవరి పేర ఉందో వెతికితే నా పేరు బయటపడింది. కేకు పట్టుకుని వచ్చాడు. "మాండా అత్తా, నువ్వు ఊ అంటే చాలు. ఆట చూడ్డానికి పాతికమంది కూడా రావడంలేదు. ఊరి బయట ఇంతకంటే పెద్ద మైదానం కొందాం. మామయ్య పేర ఒక బెంచీ వేయిస్తా" అన్నాడు. పిల్లాడు చెడ్డవాడు కాదు, వాళ్ళ నాన్న చేసింది వాడికి తెలియదు. నేను ఊ అనలేదు. తరవాత వాడి వకీలు ఉత్తరం రాశాడు: ఏళ్ళ తరబడి ఎవరూ అడ్డు చెప్పకుండా వాడుకున్న నేల వాడుకున్నవాళ్ళదే అవుతుందట, కాబట్టి క్లబ్బుదేనట.

నా వకీలు నన్నొక మాట అడిగాడు, "ఇన్నేళ్ళలో క్లబ్బు మీకు ఎప్పుడైనా ఏమైనా ఇచ్చిందా?" అని. ఏమీ ఇవ్వలేదు, ఏటా యోహాను పండగకి ఒక గొర్రెపిల్ల తప్ప, అన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు.

శిక్ష పడ్డ ఏడాది నుంచి ఇవాళ్టిదాకా, ప్రతి పునీత యోహాను పండగకీ, విందుకని క్లబ్బు కొన్న మంద నుంచి ఒక గొర్రెపిల్లను నెదీల్కో స్వయంగా భుజాన వేసుకుని, వీధంతా చూస్తుండగా మా ఇంటికి తెస్తాడు. కమిటీ వాళ్ళంతా వెంట వస్తారు. అది కుమ్ కానుక అని అందరూ మెచ్చుకున్నారు. అది అతని మనసులోని ముల్లు అని నాకూ యురేకీ తెలుసు. యురే ఆ మాంసం ఒక్కనాడూ ముట్టలేదు, కార్మెన్‌కి పంపేవాడు. ఇప్పుడు చట్టం చెబుతోందేమిటంటే, నేల వాడుకుంటున్నవాడు నేల యజమానికి ఏటా తప్పకుండా అందరి ముందూ ఇచ్చేది అద్దె. అద్దె ఇచ్చేవాడికి నేల దక్కదు. నోటితో చెప్పాల్సినదాన్ని గొర్రెపిల్లతో చెప్పబోయి, నెదీల్కో తన చేతులతోనే మైదానాన్ని నా పేర ఖాయం చేశాడు. యురే పోయాక నేను నవ్విన నవ్వుల్లో ఇదొకటి.

7. క్లబ్బు పేరు గురించి. దీనికింద ఎవరికీ ఏమీ రాయడంలేదు, వకీలు తీసెయ్యమన్నా నేను ఉంచాను. ఆటలో పాత దేశాల పేర్లు ఉండకూడదని పైనుంచి హుకుం వచ్చినప్పుడు బియోకొవొ పేరు తీసేసి స్టోనీ క్రీక్ స్టాలియన్స్ అని పెట్టారు. ఈ పేటలో పాలబండి గుర్రం తప్ప ఇంకో గుర్రం ఎప్పుడూ లేదు. ఆ రాత్రి హాల్లో మగవాళ్ళు ద్రాక్ష సారా తాగి, ఒకళ్ళ మెడ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు. "మన పేరు తీసేశారు, మనల్ని మన ఇంట్లోంచి గెంటేశారు" అని నెదీల్కో గుండెలు బాదుకున్నాడు. పేరు కోసం ఏడ్చారు. మనిషి కంచె అవతల లారీ మీద పడుకుని ఉన్నాడు. ఆ రోజున నేను వంటగదిలో గిన్నెలు కడగకుండా వదిలేసి ఇంటికి వచ్చేశాను. మర్నాడు వెళ్ళి కడిగాను.

8. యురే చావు. వ్యవస్థాపకుల్లో ఎవరు పోయినా శవపేటిక ఉన్న బండిని మైదానం చుట్టూ ఒకసారి తిప్పి శ్మశానానికి తీసుకెళ్ళడం మా ఆచారం. యురేని తీసుకొచ్చినప్పుడు గేటు దగ్గర నెదీల్కో పెట్టె మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకుని, "పోనీలే కుమా, ఇప్పుడింక ఎవరేమంటారు? లోపలికి తీసుకెళ్దాం" అన్నాడు. చచ్చినవాడు నోరు తెరవడు కదా, అందుకని గేటు తెరిచాడు. నేను బండికి అడ్డం నిలబడ్డాను. కాళ్ళ మీద నడిచి రానివ్వని చోటికి భుజాల మీద రాడు అన్నాను. బండిని సందులోంచి తీసుకెళ్ళారు. వాల్టర్ పిమ్ అక్కడ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను గర్వంతో చేశానని అందరూ అన్నారు. నిజమే, గర్వంతోనే చేశాను. ఇంటికొచ్చాక మాత్రం, ఆయన ఒక్కసారైనా ఆ గోల్ ముందుకి వెళ్ళి ఉంటే బాగుండేదని కూలబడి ఏడ్చాను.

9. మైదానం ఎవరికి. పైన మూడో అంశంలో వర్ణించిన నేల, నా తదనంతరం, ఈ క్రింది షరతు మీద క్లబ్బుకే చెందవలెను.

నేను పోయాక ఏడాది లోపల క్లబ్బు సర్వసభ్య సమావేశం పెట్టాలి. ఆడవాళ్ళు, వంటగదివాళ్ళతో సహా, లోపల కుర్చీల్లో కూర్చోవాలి. నాలుగో అంశం మొదటి నుంచి చివరిదాకా మిలెనా పైకి చదవాలి. చదివాక, యురే గుదేల్ మీద వేసిన తీర్మానాన్ని రద్దు చేస్తున్నామని చేతులెత్తి ఓటు వెయ్యాలి. చచ్చినవాడి మీద శిక్ష ఎత్తెయ్యడం ఎందుకు, దండగ అని ఎవరైనా అంటే, చచ్చినవాడి మీద శిక్ష ఉంచడం దేనికో కూడా ఆయనే చెప్పాలి.

రద్దు చేస్తే నేల క్లబ్బుది. ఆ తరవాత ఫ్లాట్లు కట్టుకుంటారో, ఆడుకుంటారో, మళ్ళీ రాళ్ళు పరుచుకుంటారో మీ ఇష్టం. అమ్మొద్దని రాయమని మిలెనా బతిమాలింది. రాయను. యురే ఈ క్లబ్బుని ప్రేమించాడు, నేను ప్రేమించలేదు. నాకు కావలసింది ఆ నేల కాదు, ఆ తీర్మానం పోవడం.

సమావేశం పెట్టకపోయినా, పెట్టి నాలుగో అంశం చదవనివ్వకపోయినా, ఓటు వీగిపోయినా, నేల యావత్తూ వాల్టర్ పిమ్ కూతురు జూడిత్ పిమ్‌కు సర్వ హక్కులతో దఖలు పడవలెను. జూడిత్‌కి ఈ సంగతి చెప్పాను. "నాకెందుకమ్మా అంత నేల?" అంది. మీ నాన్న చెవికి బదులు అన్నాను.

10. సాక్షులు. వీలునామా సాక్షికి అందులో ఆస్తి రాయకూడదట. నెదీల్కో రెబిచ్‌కి నేను చిల్లిగవ్వ కూడా రాయలేదు, కాబట్టి అతను అర్హుడు. ఇవాళ పునీత యోహాను పండగ. అలవాటు ప్రకారం గొర్రెపిల్లతో వస్తాడు. ఈ కాగితాలు వంటింటి బల్ల మీద పెట్టి ఉంచుతాను. కుమా అడిగితే కుమ్ కాదనకూడదు కనుక సంతకం పెడతాడు. అతని నోటి మీద నాకు నమ్మకం పోయి చాలాకాలమైంది, అందుకని నోరు అడగడంలేదు, చెయ్యి ఒక్కటే అడుగుతున్నాను. మొదటి పేజీ నుంచి చదువుకోవడానికి కావలసినంత వ్యవధి ఇస్తాను. రెండో సాక్షిగా వీధి చివర మందుల షాపు నడిపే బిక్ ఫామ్‌ను పిలిపించాను. ఆవిడకి ఫుట్‌బాల్ తెలియదు, మా తగాదాలు తెలియవు, చూసింది చూసినట్టు చెప్పే మనిషి.

ఇందులో రాసినదంతా నేను చెప్పగా రాసినది, నాకు చదివి వినిపించగా సరిగా ఉందని ఒప్పుకున్నది. సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

స్టోనీ క్రీక్, 2016 జూన్ 24.

(సంతకం) మాండా గుదేల్

మొదటి సాక్షి: నెదీల్కో రెబిచ్, క్లబ్బు మాజీ అధ్యక్షుడు. మాండా గుదేల్ నా ఎదుట సంతకం చేయగా చూశాను. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినందువల్ల లోపల ఏమి రాసి ఉన్నదో నేను చదవలేదు.

రెండవ సాక్షి: బిక్ ఫామ్, ఫార్మసిస్టు. మాండా గుదేల్ నా ఎదుట సంతకం చేయగా చూశాను. మొదటి సాక్షి కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు. అన్ని పేజీలూ చదివారు. మధ్యలో రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.